గూడబాతులు లేచిన పొద్దు

పొదిలిలో పెళ్లి ఫొటోలు తీసే ఆయనకు షుగర్ వల్ల చూపు పోయి ఆర్నెల్లయింది. ఆ పొద్దున, గూడబాతుల గుంపులు దిగిన చెరువు గట్టు మీద కూర్చుని, భార్య చేతికి కెమెరా ఇచ్చాడు. మంచు విడిపోయి ఎండ పడుతోంది. గట్టు పక్క కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి.

"షట్టర్ స్పీడ్ ఎంత పెట్టావు?"

"సెకనులో రెండువేలో వంతండి. పెళ్లిళ్లకి నూట పాతికేగా పెట్టేవాళ్లు?"

"పెళ్లికూతురు కదలకుండా కూర్చుంటుంది. గూడబాతు రెక్క ఆగదు. ఫోకస్ పక్షితోపాటు వెళ్లేట్టు పెట్టు."

"పెట్టాను. తెల్ల పక్షులు కదా, ఎండకి ఈకలు విడివిడిగా కనపడవేమోనని వెలుగు కాస్త తగ్గించాను."

"అది నేను చెప్పలేదే."

"మీ ఫొటోలన్నీ కంప్యూటర్లో సర్దింది నేనే కదండీ."



"అయితే రేపట్నుంచి స్టూడియో నువ్వే తెరువు."

"నా వల్ల అవుతుందంటారా?"

"రెక్కల చప్పుడు వినపడుతోంది. లేచాయి. వాటి వెంటే నడుం తిప్పుతూ బటన్ నొక్కి పట్టుకో."

గుంపు ఆమె ముందు నుంచి మెల్లగా సాగిపోయింది. క్లిక్‌మన్న చప్పుడు మాత్రం రాలేదు.

"నొక్కలేదా?"

"మర్చిపోయానండి. చూస్తూ ఉండిపోయాను."

"ఏం చూశావు?"

"కల్లం మీదుగా కిందగా వెళ్లేటప్పుడు, మిరపకాయల వెలుగు పడి రెక్కల కింద తెలుపంతా ఎర్రబడిందండి."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఈ పక్షుల ఫొటోల కోసం ఇరవయ్యేళ్లు ఇదే గట్టు మీద నిలబడ్డాను. ఆ ఎరుపు నాకు ఇవాళే కనపడింది."

చెరువులో ఇంకో గుంపు రెక్కలు విదిలిస్తోంది. ఆమె కెమెరా పైకెత్తింది.