రబ్బరు కప్ప

అలా నిలబడితే ఎలాగండీ బావగారూ, మీ నీడ వెళ్ళి నీళ్ళమీద పడుతోంది. ఇంత పొద్దున్నే వచ్చి నేనీ గట్టుమీద చతికిలబడింది మీ నీడ చూడ్డానికా? కొరమేను మహా గడుసుది. పైన ఏదైనా కదిలిందంటే ఇంక మధ్యాహ్నందాకా ఈ చుట్టుపక్కలకి రాదు. ఇలా వెనక్కి రండి. ఆ కొబ్బరిచెట్టు మొదట్లో కూచోండి. చెప్పులు విప్పెయ్యండి, చప్పుడు చేస్తాయి.

కేసు సంగతి మాట్లాడుకుందాం లెండి, తొందరేముంది. కరెంటాఫీసులో సెలవు పెట్టే వచ్చుంటారుగా. ఈ పెట్టె కాస్త పట్టుకోండి. లోపల చెయ్యి పెట్టకండి, గాలాలు గుచ్చుకుంటాయి.

ఇది చూడండి, స్పూను అంటారు ఈ ఎరని. ఉత్త ఇత్తడి రేకు. లాగుతుంటే తళుక్కుమంటుంది, చేపపిల్ల పారిపోతున్నట్టు. ఉప్పుటేరు వైపు వెళ్ళినప్పుడు పండుగొప్పకి ఇదే వేస్తాను. ఇదేమో స్పిన్నరు. నీళ్ళల్లో గిరగిరా తిరుగుతుంది. రెండూ మంచివే, కాని ఖాళీ నీళ్ళు కావాలి. ఇక్కడ వేశామా, బారెడు రాకుండానే గుర్రపుడెక్క పట్టేసుకుంటుంది. మీ చెరువంతా డెక్కే కదండీ. మా చెల్లెలు పోయాక మీరిటు తొంగిచూస్తే కదా.

కోపం తెచ్చుకోకండి, నేను నిష్ఠూరంగా అనడం లేదు. మీరు వదిలేశారు కాబట్టే ఇందులో కొరమేను చేరింది. అటూ ఇటూ ఉన్న నా చెరువుల్లో మేం వేసింది తప్ప ఇంకో చేప బతకదు, మందులు కొట్టి పెంచుతాం. మీ చెరువులో గాలం వెయ్యడానికి మిమ్మల్నడగలేదు, నిజమే. అడిగితే కాదంటారా?

దీనికి కప్పే వెయ్యాలి. రబ్బరు కప్ప. ముళ్ళు చూడండి, వీపుకి అతుక్కుని ఉన్నాయి. డెక్కమీద పాకించినా, తామరాకుమీంచి లాగినా దేనికీ తగులుకోదు. చేప నోట్లో పెట్టుకుని నొక్కిందనుకోండి, అప్పుడు లేస్తాయి బైటికి. ఎవడు కనిపెట్టాడో గాని వాడి కాళ్ళకి దణ్ణం పెట్టాలి. తాడేపల్లిగూడెంలో కొట్టువాడు పసుపుపచ్చది అంటగట్టబోయాడు. చూడ్డానికి ముద్దుగానే ఉంది. నాకు ముద్దుగా ఉండి ఏం లాభమయ్యా, కిందనుంచి చూసేదానికి ఎలా కనపడుతుందో అది చెప్పు అన్నాను. ఇలా మబ్బేసినప్పుడు నల్లదే మంచిది.

దీనిమీద ఈ గాట్లు చూశారా? అన్నీ కొరమేను పళ్ళే. ఎర అన్నాక గాట్లు పడతాయండీ, బాధపడకూడదు. నాకు మాత్రం పడలేదూ? ఇదిగో, పై పన్ను ఊడింది. స్తంభాలెక్కే చెయ్యి కదా, మీది గట్టి చెయ్యే. స, శ అంటే గాలి పోతోంది. నా మనవరాలు మళ్ళీ మళ్ళీ అనిపించుకుని నవ్వుతోంది.

అబ్బే, ఆ దణ్ణాలెందుకు? నేను వింటూనే ఉన్నానుగా. కేసు నడిస్తే ఉద్యోగం పోతుందని మీ ఆఫీసరన్నాడు. తెలుసు. అది తెలిసే కదా కేసు పెట్టాను.

ఉష్. అటు చూడండి. ఆ తామరాకు పక్కన, నీళ్ళు సన్నగా ఉడుకుతున్నట్టు లేవూ? ఎర్రగా? అవి కొరమేను పిల్లలు. అన్నీ ఒకటే ముద్దగా తిరుగుతాయి. గాలి పీల్చుకోడానికి పైకొస్తాయి, మళ్ళీ దిగుతాయి. సరిగ్గా వాటి కిందే ఉంటుంది పెద్దది. తిండి కూడా సరిగ్గా తినకుండా కాస్తుంది పిల్లల్ని. మా చెల్లెలు పోయాక మీరు నాగదుర్గని పెంచలేదూ, అలాగ.

మరి ఆకలి మీద లేని చేపకి ఎర వేసి ఏం లాభం అంటారు. వేరే చేపైతే లాభం లేదు. దీని పద్ధతి వేరు. దీని ముందు వెయ్యకూడదండీ. పిల్లల అవతలికి విసిరి, పిల్లల మధ్యలోకి తీసుకురావాలి. మెల్లిగా, రెండు కుదుపులు కుదిపి, ఆపాలి. లాగడం ఎవడైనా లాగుతాడు, పనితనమంతా ఆపడంలో ఉంది. కప్ప వచ్చి పిల్లల మధ్య ఊరికే కూచోవాలి, తనకేం పనిలేనట్టు. అప్పుడు దానికి ఒళ్ళు మండుతుంది. తినడానికి రాదు, చంపడానికి వస్తుంది.

మీకు తెలియదంటే ఎలాగ? పాపాయమ్మ టీకొట్టు దగ్గర మీరొచ్చింది అలాగే కదా.

అసలు నేనేమన్నానండీ? గట్టిగా కూడా అనలేదు. "బావగారూ, మన దుర్గ ఏలూరు బస్టాండు దగ్గర ఎవరో కుర్రాడి బండెక్కిందని చెప్పుకుంటున్నారు. తల్లి లేని పిల్ల, కాస్త కనిపెట్టుకోండి" అన్నాను. మేనమామని, ఆ మాత్రం అనకూడదా? అనేసి నా టీ నేను తాగుతున్నాను. రెండో మాట అన్నానా? మీ మొహం వైపైనా చూశానా? పక్క బల్లమీద వాళ్ళకి సరిగ్గా వినపడను కూడా లేదు.

మీరు నవ్వేసి "ఆ సంగతి మీ మేనకోడల్నే అడగండి" అని లేచి వెళ్ళిపోయుంటే ఏమయ్యేది? గ్లాసుతోపాటు ఆ మాటని కూడా కడిగి బోర్లించేసేది పాపాయమ్మ. మీరు కొట్టారు. కొట్టేసరికి, ఎందుకు కొట్టాడని ఊరంతా అడిగింది. నేను ఒక్కడికీ చెప్పలేదు, ఒట్టు. నోటినిండా నెత్తురు, ఏం చెబుతాను? వాళ్ళే చెప్పుకున్నారు. ఇప్పుడది ఏలూరులో నర్సింగు కాలేజీదాకా వెళ్ళిందటగా. పిల్ల పుస్తకాలు మూలపడేసి గదిలోంచి బైటికి రావడం లేదని మా ఆవిడ చెప్పి ఏడ్చింది. నాకూ అన్నం సయించలేదు ఆ పూట.

ఉండండి, వేస్తున్నాను. కదలకండి.

బాగా పడింది. ఆకుల అవతల, నేననుకున్న చోటే. చూస్తున్నారా? డెక్కమీంచి జారింది. ఒక కుదుపు. ఇంకోటి. పిల్లలు చెదిరాయి. మళ్ళీ కలిశాయి. ఇప్పుడు ఆపేశాను. చూడండి, చూడండి, ఊరికే కూచుంది కప్ప.

కొట్టింది. చూశారా నీళ్ళెలా లేచాయో?

ఇప్పుడే లాగకూడదు. అందరూ ఇక్కడే తొందరపడతారు. పూర్తిగా నోట్లోకి తీసుకుని వెనక్కి తిరిగేదాకా లైను వదులుగా ఉంచాలి. మీరు కొట్టినప్పుడు నేను చెయ్యెత్తానా? పడ్డాను, పడి లేవలేదు. ఆటోలో వేసుకెళ్ళేదాకా అలాగే పడుకున్నాను. తిరిగి ఒక్క దెబ్బ వేసినా అది కొట్లాట అయ్యేది, ఇద్దరిమీదా కేసయ్యేది. ఆ, తిరిగింది. ఇప్పుడు లాగాలి.

బరువుందండోయ్. డెక్కలోకి దూరనివ్వకూడదు, తల పైకెత్తించి ఈడ్చెయ్యాలి. వచ్చింది. మోచేతి పొడుగుకి పైనే ఉంటుంది. చూడండి, గాలం పైదవడకి దిగింది, ఇంక కన్ను దగ్గరికి వచ్చేసింది. ఇలా మెలిపెడితే ఊడొస్తుంది. ఆ గడ్డిలో పడేస్తున్నాను, కాస్త చూస్తుండండి, గెంతుతుంది.

ఏ కుర్రాడు? లేడండీ కుర్రాడు. బండీ లేదు. ఎవరూ నాకేం చెప్పలేదు, ఎవరూ ఏమీ చూడలేదు. నా మేనకోడలు తలెత్తి నడవడం కూడా నేనెరగను. ఇదిగో ఈ కప్పని నొక్కి చూడండి. లోపలేముంది, ఖాళీ.

అలా చూస్తారేంటి? వెళ్ళి చెప్పుకోండి, అదంతా అబద్ధమని సూర్యారావే ఒప్పుకున్నాడని. ఎవరు నమ్ముతారు? ఉద్యోగం పోతుందని కథలల్లుతున్నాడంటారు. కూచోండి. ఇంకోసారి కొడితే బెయిలు కూడా పోతుంది.

నేను మొదట మర్యాదగానే అడిగానా లేదా? మా నాన్న ఈ చెరువు కనకరత్నానికి పసుపుకుంకుమ కింద ఇచ్చినప్పుడు నేనే దగ్గరుండి గట్టు కొలిపించాను. అప్పుడు నాకేం బాధ లేదు, ఒక్కత్తే చెల్లెలు. అది పోయాక అడిగాను. నా రెండు చెరువుల మధ్య ఇది గోడలా ఉంది బావగారూ, మీరు చేపా వెయ్యరు, చేనూ వెయ్యరు, నాకిచ్చెయ్యండి అన్నాను. "అది వాళ్ళమ్మ గుర్తు, పిల్లదే" అన్నారు. ఆ ముక్క నా మొహాన, నా వాకిట్లో నిలబడి అన్నారు. మా నాన్న చెమటోడ్చి తవ్వించిన చెరువు గురించి నాకు చెప్పారు. కనకరత్నం బతికుంటే ఈ పని చేసేవాణ్ణి కాదు, అది నా గొంతు విని అబద్ధం పట్టేసేది.

ఏంటీ? రాసిచ్చేస్తారా? ఇప్పుడే సంతకం పెట్టేస్తారా?

చూశారా, ఎంత తేలికైపోయిందో. కాని మీ సంతకం ఒక్కటీ తీసుకుని నేనేం చేసుకోనండీ? చెరువు మా చెల్లెలి పేరున ఉంది. పిల్లకి పద్దెనిమిదేళ్ళు దాటాయి. ప్లీడరు మొట్టమొదట అడిగింది అదే. మీరూ పెట్టాలి, కాని దుర్గ సంతకం లేకపోతే కాగితం చెల్లదు. మీ చేత కొట్టించుకుని పన్ను ఊడగొట్టుకుంది మీ సంతకం కోసమా?

మీరే చెప్పాలి దానికి. నేను చెబితే బాగుండదు. నాన్న ఉద్యోగం నిలబడాలంటే అమ్మ చెరువు ఇచ్చెయ్యాలమ్మా అని చెప్పండి. తనవల్లే ఇదంతా జరిగిందనుకుంటోందట, మా ఆవిడ చెప్పింది. అలాగే అనుకోనివ్వండి, తొందరగా పెట్టేస్తుంది. మంచిపిల్ల.

అయ్యో, వదిలేశారా చేపని? అంత చేపని నీళ్ళల్లోకి తోసేశారా? పోనీలెండి, మీ చెరువు, మీ చేప, సోమవారందాకా. కాని ఒక్కసారి ఆ తామరాకు పక్కకి చూడండి. ఎరుపు కనపడుతోందా? లేదు. నీళ్ళు కుతకుతలాడుతున్నాయి చూడండి, అవి జెల్ల చేపలు. పెద్దది అటు తప్పుకోగానే వచ్చి పిల్లలమీద పడి మింగేస్తాయి. ఇప్పుడది ఈదుకుంటూ వెళ్ళి చూసుకుంటే అక్కడ ఏమీ ఉండదు. నేనొక్క పిల్లని కూడా ముట్టుకోలేదు, మీరే సాక్షి.

కేసు తీసేస్తానండీ, మాటంటే మాటే. బస్టాండు మాట మాత్రం ఎలా తియ్యను? అది నా చేతిలో లేదు ఇంక.

సోమవారం పొద్దున్నే గణపవరం రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరికి పిల్లని తీసుకురండి. అయ్యాక మా ఇంట్లోనే భోజనం, తనకిష్టమని మా ఆవిడ గుమ్మడికాయ పులుసు పెడుతుంది. వెళ్ళి రండి మరి. ఆ పెట్టె అక్కడ పెట్టేసి చెప్పులు వేసుకోండి. ఇంక చప్పుడైనా ఫరవాలేదు.