గిర్నీ నెత్తి మీదికెళ్లి పోయిన అగ్గువ కరెంటు

"నాయనమ్మా, కొత్త కంపెనీకి కరెంటు తక్కువ రేటుకిస్తరంటగా, మరి మన పిండి గిర్నీకి?" అంటవా? కూసో పిల్లా. గా మాట మీ తాత ముంగట అనకు, మళ్ల సబ్‌స్టేషన్‌కు ఉరుకుతడు.

మన చివ్వెంల బాటకు వచ్చిన కంపెనీ సూసినవ్ గద, ఈ గేటు కాడ పొద్దు పొడిస్తే ఆ గేటు కాడ గూకుతది. గసుంటిది రావాలంటే సర్కారు బతిమాలాలె గద. 'రాండ్రి, కరెంటు అగ్గువకిస్తం, మా పోరగాండ్లకు నౌకర్లియ్యుండ్రి' అన్నది. కంపెనీ వాళ్లు నౌకర్లిచ్చిండ్రు గూడ, అబద్ధమెందుకు.

ఇగ దాని తీగెలు మన గిర్నీ నెత్తి మీదికెళ్లే గుంజిండ్రు. మీ తాతకు గదే పరేషాన్. 'ఏమే, అగ్గువ కరెంటు మన మీదికెళ్లే పోతుంటే మనం పిరం కరెంటు కాలుసుడేందే? గా తీగెకే తగిలియ్యమంట' అని లేశిండు. నేను గూడ గట్లనే అనుకున్న. లైన్‌మన్ కాడికి లక్షసార్లు పోయిండు, చెప్పులరిగి కాళ్లు గూడ పొట్టిగైనయి. ఆ పిల్లగాడు, 'తాతా, రేటు తీగెల ఉండదే! వాళ్లు కుప్పలకొద్ది వాడుతరు, అందుకే సర్కారు తగ్గిచ్చింది' అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నడు.

మనదేమో ఒక్కొక్కరు ఒక్కో డబ్బతోని వచ్చుడు, మోటరు ఎయ్యుడు, బందు చేసుడు, ఎత్తుకున్నప్పుడల్లా కరెంటు దండుగ. నేను కాపురానికొచ్చినప్పుడు డబ్బ జొన్నలకు పావలా. అప్పుడు మోటరు గాదు, డీజిల్ ఇంజను. దాని సప్పుడుకు మిర్యాలగూడ రైసుమిల్లులోళ్లు చెవులు మూసుకునేటోళ్లు... ఏం చెప్తున్న? ఆఁ, బిల్లు. బిల్లు కట్టనీకే పిండి పడుతున్నట్టయింది. కోదాడ నుంచి మా ఆడబిడ్డ ఫోను చేసి, 'ఎందుకొదినా ఆ గిర్నీ, అమ్మేసెయ్యండి' అన్నది. మీ తాత ఇన్నడు. ఆ పొద్దు బువ్వ తినలే. జరమొచ్చిన పిల్లను సూసినట్టు మోటరు మీద చెయ్యేసి కూసున్నడు. 

తెల్లారి లైన్‌మన్ మాట పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన. 'ఇగ సోమారం, గురువారమే గిర్నీ. ఒంటి డబ్బకు మోటరెయ్యం. అందరు గల్సి కుప్పగ రాండ్రి' అన్న. ఒకామె, 'సర్కారు తగ్గియ్యకపోతే మా మీద పడ్డవా ముసల్దానా?' అన్నది. తిట్టుకుంటనే వచ్చిండ్రు! లైను సూర్యాపేట బస్టాండు దాంక. మోటరు ఒక్కపారి ఎక్కితే దిగుడు లేదు. బిల్లు జర దిగింది, గిర్నీ నిలబడ్డది.

మొన్న గా కంపెనీ మేనేజరు జొన్నల సంచితోని కారు దిగిండు. 'అర్జంటమ్మా, ముందు నాది' అన్నడు. మీ తాత మీసాలనిండ పిండి, తల గూడ ఎత్తలే. 'సారూ, రాయితీ గాడ. గీడ లైనే' అన్నడు. ఆడోళ్ల నవ్వుకు పైన రేకులు లేశినయి. మంచోడే పాపం, ఆయన గూడ నవ్వి, సంచి మీదనే కూసున్నడు.

నువ్వు గా కంపెనీల నౌకరికి పోతనన్నా నాకు సంతోషమే బిడ్డా. అది నడవాలె, మనది నడవాలె. నూరేండ్లు సల్లగుండు... నూరేం సరిపోతయి, మున్నూరేండ్లుండు.