పోపో కూర్చోబెట్టిన నెల

ఆ ఫ్రిజ్ నీళ్లు అక్కడ పెట్టెయ్యమ్మా చరితా, నీకు పుణ్యముంటుంది. ఫ్లాస్కులో వేణ్నీళ్లున్నాయి, అవి తాగు. నవ్వుతావేం? సుగుణాంటీది చాదస్తం అనుకుంటావని తెలుసు, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లవి. కానీ ఈ మాట నాకు మా అమ్మ చెప్పింది కాదు, ఒక చైనా ముసలావిడ చెప్పింది. ఆఁ, చైనాయే. ఈ ఐర్లండులోనే, ఇదే డండాక్‌లో. పాపాయి నా ఒళ్లో నిద్రపోతోంది కదా, దాన్ని కదపను, నువ్వలా దుప్పటి కప్పుకుని విను. మీ ఆయన నిఖిల్ చెప్పాడులే నాతో, బిడ్డని ఎత్తుకోవాలంటే నీకు చేతులు రావట్లేదని, సీసాతో పాలు కూడా అతనే పడుతున్నాడని. హెల్త్ నర్సుకి చెప్పారట, మంచి పని చేశారు. నేను దాని గురించి ఏం అనను. పోపో సంగతి చెబుతాను, అంతే. పోపో అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. మా ఆయన పోపుల డబ్బా అనేవారు, ఆయన నోటికి హద్దూ పద్దూ ఉంటేగా. ఆవిడ పోయి ఇరవై ఏళ్లు దాటింది.

అప్పుడు మేం ఒక చైనీస్ టేక్‌అవే భోజనాల కొట్టు పక్కింట్లో అద్దెకుండేవాళ్లం. ఆయనకి ఇక్కడ కాలేజీలో ఉద్యోగం. ఊళ్లో మనవాళ్లంటూ ఎవరూ లేరు, తెలుగు మాట వినాలంటే ఆయన పాఠాలు చెప్పుకుని ఇంటికొచ్చేదాకా ఆగాలి. జనవరిలో మా విజేత పుట్టింది. నొప్పులు పడి ఇంకా ఊపిరైనా తీసుకోలేదు, నర్సు ఇంత టోస్టూ టీ నా ముందు పెట్టి, 'యూ ఆర్ గ్రాండ్, లవ్' అంది, బాగానే ఉన్నావని. గ్రాండేవిటి నా మొహం! మా అమ్మే ఉంటే కాయం తినిపించును, తలకి గుడ్డ కట్టును, చెవుల్లో దూది పెట్టును. అమ్మకి పాస్‌పోర్టే లేదు. ఇంటికొచ్చిన మర్నాడు తలస్నానం చేసి, తడిజుట్టుతో పెరట్లో బట్టలారేస్తున్నాను. గోడ అవతల నించి ఒకటే కేకలు. చూద్దును కదా, నాలుగడుగుల మనిషి, కాళ్లకి రబ్బరు చెప్పులు, చేతిలో గరిటె. 'యూ! బేబీ మదర్! ఇన్‌సైడ్! వాంట్ డై?' అంటోంది. టేక్‌అవే నడిపే అబ్బాయి వాళ్లమ్మ అన్నమాట. అంతకుముందు ఎప్పుడైనా కనబడితే తల ఊపడమే తప్ప మాటా మంతీ లేదు.

చుట్టూ తిరిగొచ్చి నా చేతిలో బట్టలు లాక్కుంది. మంచం ఎక్కించి, తన స్కార్ఫు తీసి నా తలకి బిగించి కట్టింది. ఇంక నాకు ఏడుపు ఆగలేదే తల్లీ. అచ్చం మా అమ్మ కట్టే కట్టు! వాళ్లకీ ఉందట ఈ ఆచారం, నెల కూర్చోవడం అంటారట. నెల్లాళ్లూ చన్నీళ్లు ముట్టకూడదు, గాలి తగలకూడదు, గడప దాటకూడదు. రోజూ కొట్టు తెరవకముందే వచ్చి, అల్లం తొక్కలు కాచిన నీళ్లతో ఒళ్లు తుడిచేది. ఒకరోజు గిన్నె మూత తీస్తే, నల్లటి పులుసులో అల్లం ముక్కలూ, గుడ్లూ, మధ్యలో పంది కాలు, గిట్టతో సహా! కెవ్వుమన్నాను. 'నో పిగ్?' అంది. నో పిగ్ అన్నాను. 'పూర్ గర్ల్' అని జాలిపడి గిన్నె పట్టుకుపోయి, మర్నాటి నించి ఉత్త గుడ్లే తెచ్చింది. ఇరవై ఒకటో రోజు బారసాల చెయ్యాలి, నలుగుర్నీ పిలవాలి అని మా ఆయనంటే గుమ్మానికి అడ్డంగా నిలబడి, 'మంత్ నాట్ ఫినిష్' అంది. అంత చదువుకున్నాయనా ఆవిడ ముందు పిల్లిలా అయిపోయారు. సరే, ఇవన్నీ జరిగాయి గాని, నేను మటుకు పిల్లని ఎత్తుకోలేదు. అది ఏడుస్తుంటే ఎవరింట్లోనో పిల్ల ఏడుస్తున్నట్టుండేది. చేతుల్లో పెడితే నేనే వదిలేస్తానేమోనని భయం. పాలకి నా పక్కన పడుకోబెట్టడం, అవ్వగానే తీసేసుకోవడం, అంతా పోపోయే, రాత్రిళ్లు మా ఆయన. ఒక్కరోజు కూడా ఎత్తుకో అనలేదు.

దాన్ని భుజాన వేసుకుని గదిలో తిరుగుతూ కథలు చెప్పేది. కథలంటే వాళ్ల దేశం చరిత్రంతానూ. నాకు సగం నిద్ర, బయట పొగమంచు, గదంతా అల్లం వాసన. ఆవిడ ఇంగ్లీషు నా చెవికి ఇలా వినబడేది. 'మొదటి రాజు గోడ కట్టె. మట్టి సైనికుల్ని చేయించి తనతో పూడ్పించుకునె. చచ్చె. వేరే రాజులు వచ్చె. ఆడాళ్లు గుర్రాలెక్కె, అందరూ పద్యాలు రాసె. మంగోలులు వచ్చె. వాళ్లూ పోయె. పెద్ద ఓడలు మీ దేశం వెళ్లె, మిరియాలు తెచ్చె.' ఆ ఓడలు వెళ్లింది కాలికట్‌కిట, నాకు మాత్రం మా కాకినాడ రేవులో లంగరేసినట్టే కనబడేవి. కళ్లు తెరిస్తే కిటికీలో కార్లింగ్‌ఫర్డ్ వైపు కొండలు, వాటి మీద ఆ గోడ పాక్కుంటూ పోతుండేది. మళ్లీ మూస్తే పట్టుపురుగులు ఆకులు నమిలే చప్పుడు. వాన అది, అద్దం మీద. తర్వాత మంచూ రాజులొచ్చి మగాళ్లందరి చేతా జడలు వేయించారట. వాళ్ల అమ్మమ్మకి చిన్నప్పుడే పాదాలు బిగించి కట్టేశారట, ఇదిగో నా అరచెయ్యంత ఉండేవట. ఏ రాజు కథైనా చివరికి ఒకటే మాట. 'రాజు పోయె. అమ్మ నెల కూర్చునె. అల్లం తినె.' అన్ని వేల ఏళ్లూ మా వంటింట్లోనే జరిగినట్టుండేది నాకు.

ఆ నెల్లోనే వాళ్ల కొత్త సంవత్సరం వచ్చింది. దానికి వారం ముందు పొయ్యి దేవుడు పైలోకానికెళ్లి ఇంట్లో సంగతులన్నీ చెబుతాడట. అందుకని బొమ్మ నోటికి తేనె పూస్తారు, చెడ్డమాట రాకుండా. మనవాళ్లు ఆఫీసుల్లో చేసే పని వీళ్లు దేవుడికి చేస్తున్నారు. పండగనాడు ఇల్లు ఊడిస్తే అదృష్టం పోతుందని నా చీపురు తీసుకెళ్లి వాళ్ల అలమర‌లో పెట్టి తాళం వేసింది. ఆ బొమ్మ మా స్టవ్ దగ్గర అంటిస్తూ, అప్పుడు చెప్పింది. 'ఒక ఏడు దేవుడికి పొయ్యి లేదు' అని. సర్కారువాళ్లు ఉక్కు చెయ్యాలని ఊళ్లో మూకుళ్లన్నీ పట్టుకెళ్లి కరిగించేశారట. ఇళ్లల్లో వండకూడదు, ఊరందరికీ ఒకటే వంటసాల, అందులోనూ గింజలు అయిపోయాయి. ఆ కరువులో ఈవిడకి ఆడపిల్ల పుట్టింది. అల్లం లేదు, గుడ్డు లేదు. నెల కూర్చోనిచ్చేదెవరు, వారం తిరక్కుండా పొలానికి పంపారు. పాలు పడలేదు. నెల నిండకుండానే పిల్ల పోయింది. ఆ తర్వాత హాంకాంగు పారిపోవడం, అక్కణ్నించి ఎన్నాళ్లకో ఈ ఊరు. 'నేను నెల కూర్చోలేదు' అంది. విజేతకి బట్టలు మార్చడానికెళ్లిపోయింది. అంతా విన్నాను, అయినా పిల్లని మాత్రం దగ్గరికి తీసుకోలేకపోయాను. అదంతే, మనకి తెలిసినా చేతులకి తెలియదు.

నెల నిండిన రోజు పొద్దున్నే బుట్టెడు గుడ్లు ఉడకబెట్టి, ఎర్రరంగు వేసి తెచ్చింది. పిల్ల నెల నిండి దక్కిందని ఇరుగుపొరుగుకి పంచుతారు. పాపకి కాస్త జుట్టు కత్తిరించింది, ఎర్ర చొక్కా తొడిగింది. దాన్ని చంకనేసుకునే గుడ్లు సర్దుతూ, ఒకటి తీసి విడిగా కిటికీలో పెట్టింది. ఎవరికి పోపో అన్నాను. దాని పక్కనే ఒక అల్లం ముక్క పెట్టింది. నాకు అర్థమైంది. ఆవిడ గుడ్లబుట్ట పక్కకి తోసేసింది. నాకేసి తిరిగి, 'టేక్. ప్లీజ్. ఐ క్రై నౌ' అంది. ఏడుపొస్తోంది, కాస్త పట్టుకో అని, అంతే! నేనేం ఆలోచించలేదు. ముసలావిడ కూలబడిపోయేట్టుందని చేతులు చాపాను. పిల్ల వచ్చేసింది. వెచ్చగా ఉంది, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పోపో గోడవైపు తిరిగి ఏడుస్తూనే ఉంది, ఎన్నేళ్ల ఏడుపో, తిరిగి ఇచ్చేద్దామంటే వీలేదీ? కొట్టు తెరిచే వేళ దాటిపోయింది, వాళ్లబ్బాయి వచ్చి తలుపు కొడుతున్నాడు. నేను లేచి తియ్యలేదు. నా చేతులు ఖాళీ లేవు కదా.

ఏంటీ? ఏడిస్తే ఏడువు తల్లీ, ఏం పోయింది. అబ్బా, నా కాళ్లు రెండూ తిమ్మిరెక్కాయి, మీ సోఫా ఒకటీ, నుయ్యిలా లోపలికి దిగిపోతుంది. రెండు చేతులూ ఆనిస్తే గాని లేవలేను. ఇదిగో, దీన్నోసారి పట్టుకోమ్మా. తల కింద చెయ్యి పెట్టు. ఆఁ... అలాగే.

వాన మొదలైనట్టుంది చూడు. మీ పెరట్లో నేనారేసిన బట్టలు తీశానో లేదో, చూసొస్తా.