పధ్నాలుగు జీబీల గట్టు

బెల్లంకొండ పక్క పల్లె. రెండు వాటాలైన ఇంట్లో ఉమ్మడిగా మిగిలిన నడవ. మధ్యాహ్నం. కంప్యూటర్ ముందు చిన్నకోడలు రోహిణి, పక్కన కుర్చీలో ఆమె బావగారు రామబ్రహ్మం. గడప దగ్గర అత్త అనసూయ మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“నేను తీశానని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు బావగారూ. తీశారా అని అడుగుతున్నా.”

“అడగటమంటే అనటమేగా. అమ్మా, చూడు నీ చిన్నకోడల్ని. కంప్యూటర్ చెడిపోయిందని పిలిచి పంచాయితీ పెట్టింది.”

“నన్ను లాగమాకురా. కళ్లల్లో ఘాటు పడింది.”

“కళ్లల్లో పడితే చెవులకేమైంది? సరే అమ్మాయ్, ఏం పోయిందో మళ్లీ చెప్పు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు.”

“కొన్నప్పుడు డిస్కులో పధ్నాలుగు జీబీల ముక్క ఒకటుండేది. రికవరీ పార్టిషన్ అంటారు. కంపెనీవాళ్లే పెట్టి ఇచ్చింది. మెషీన్ పడిపోతే లేపడానికి కావాల్సిందంతా దాంట్లోనే ఉంటది. ఇప్పుడు మెషీన్ పడిపోయింది. చూస్తే ముక్క లేదు.”

“లేకపోతే నరసరావుపేట తీసుకుపో. షాపులో కొత్త విండోస్ ఎక్కిస్తారు. గంట పని.”

“నిన్న తీసుకుపోయా. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోయా. కొత్తది ఎక్కిస్తే నా కుట్టు ప్రోగ్రాం పోద్దన్నాడు. అది అమ్మినాయన దుకాణం ఎత్తేసి రెండేళ్లయింది, మళ్లీ దొరకదు. అది లేకపోతే నా జాకెట్ డిజైన్లు ఒక్కటీ తెరుచుకోవు. నాలుగొందల ముప్పై, బావగారూ. మూడేళ్లు గీశా.”

“మళ్లీ గీసుకోవచ్చులే.”

“మీ కల్లంలో మిరపకాయలు తడిసిపోతే, మళ్లీ పండించుకోవచ్చులే అననా?”

“పొలం వేరు, బొమ్మలు వేరు.”

“ఎట్టా వేరు?”

“వేరంతే. ఏందా నల్ల తెర? ఏవో అంకెలు పోతన్నాయి.”

“షాపతను పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. దీంతో వెతికితే పాత హద్దులు కనపడతాయన్నాడు. నలభై శాతం అయింది. అందుకే అడుగుతున్నా. ముక్క తీశాక ఆ చోట ఏమన్నా పెట్టారా? పెడితే కిందున్నది చెరిగిపోయి ఉంటది. పెట్టకపోతే తిరిగొచ్చుద్ది.”

“మళ్లీ నేనే తీశానన్నట్టు మాట్లాడతావేంది?”

“ఎవరు తీశారు మరి?”

“కీర్తి. దసరా సెలవులకొచ్చినప్పుడు కూర్చుని ఏదో చేసింది.”

“చేసిందా, చేయించారా?”

“చిన్నపిల్ల. తెలిసీ తెలియక...”

“కూతురి మీదికి తోయమాకండి. పొద్దునే ఫోన్ చేశా. ‘నాన్న పక్కన కూర్చుని, ఆ ముక్క ఎవరిదే, పేరు లేదే, మనదాంట్లో కలిపెయ్ అన్నాడు పిన్నీ’ అంది.”

“అట్టా అన్నదా?”

“నవ్వుతా అన్నది.”

“దానికి అన్నీ నవ్వులే. చదువుకోమని పంపిస్తే నవ్వులు నేర్చింది.”

“అబ్బాయ్, ఆ పిల్ల అడిగేదానికి అవునో కాదో చెప్పరాదూ? ఇందాకటి నుంచి మొహం గంటు పెట్టుకుని కూర్చున్నావు.”

“నువ్వు కాయల సంగతి చూడమ్మా. సరే. పంపకాలప్పుడు యల్లమంద బాబాయి ఏమన్నాడు? కంప్యూటర్‌ని కోసి పంచలేం, లోపల పంచుకోండి అన్నాడు. అన్నాడా లేదా?”

“అన్నాడు.”

“పెద్దోడిగా వాటాలు వేసింది నేను. ముందు కోరుకుంది నీ మొగుడు. ఆనవాయితీ ఏమన్నా తప్పానా?”

“తప్పలేదు. సి డ్రైవు ఉమ్మడి, ఈ నడవలాగా. డి మీది. ఇ మాది.”

“ఆ ముక్కకి అక్షరం లేదు. వాటాల కాగితంలో లేదు. ఎవరి పేరూ లేకపోతే అది పోరంబోకు. పోరంబోకుని పక్కనున్నోడు దున్నుకుంటాడు. ఇక్కడి నుంచి గురజాల దాకా ఏ ఊళ్లోనన్నా అంతే. నేనేం కొత్తగా చేశానా?”

“అంటే తీశారు.”

“తీయలేదు. కలుపుకున్నా.”

“అమ్మయ్య.”

“అమ్మయ్య ఏంది?”

“ఆ ఒక్క మాట మీ నోటితో వినాలని. ఇక ఏమన్నా చేసుకోవచ్చు.”

“రేపు ఊళ్లో చెప్పుకుంటావా? బావ కంప్యూటర్‌లో గట్టు జరిపాడని?”

“చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?”

“చానామంది నమ్ముతారు. అదే నా బాధ. ఒక మాట చెప్పు. ఇది కంప్యూటర్‌తో ఆగుద్దా, పొలం దాకా పోద్దా?”

“పొలంలో కూడా కలుపుకున్నారా?”

“ఛీ. అట్టా అన్నానా?”

“మరి ఎందుకు భయం? అరవై ఐదు శాతం.”

“భయమెందుకు. నాకేం భయం.”

“మీ డ్రైవు రెండొందల జీబీలు. దాంట్లో నిండింది ఎంతో తెలుసా? మూడు. పాసుపుస్తకాల ఫొటోలు, కీర్తి హాస్టల్ ఫొటోలు. మిగతాదంతా బీడు. అంత ఖాళీ పెట్టుకుని ఈ పధ్నాలుగు ఎందుకండీ?”

“పక్కన ఉంది కాబట్టి.”

“అంతేనా?”

“ఇంకేం కావాలి? ఖాళీగా కనపడింది. చూసి వదిలేస్తే నవ్వుతారు.”

“ఎవరు నవ్వుతారు? డిస్కు లోపల ఎవరున్నారు?”

“వదిలేస్తే... నాకే ఏదోగా ఉండిద్ది. చెప్తే నీకు అర్థం కాదులే.”

“వాళ్ల నాన్నా అంతేనమ్మా రోహిణీ. ఏటా పక్కచేలోకి ఒక చాలు ఎక్కువ దున్నేవాడు. ఆ చాల్లో ఒక్క మొక్క బతికింది లేదు. వదిలిపెట్టిందీ లేదు. పోయేముందు కూడా అడిగాడు, ఆ చాలు దున్నారా అని.”

“అమ్మా!”

“ఏం, అబద్ధమా?”

“తొంభై ఎనిమిది. మాట్లాడమాకండి. నాకు భయంగా ఉంది.”

“నీకా? ఇందాకటి నుంచి నన్ను భయపెట్టి?”

“ఉష్. ఇదుగో. ఇదుగో, వచ్చింది! ఈ వరస చూడండి బావగారూ. ఇక్కడ మొదలు, ఇక్కడ చివర. హద్దు హద్దులాగే ఉంది. మీరు దాంట్లో ఒక్క ఫొటో కూడా పెట్టలేదు.”

“పెట్టడానికి ఏముంది నా దగ్గర?”

“ఇప్పుడు మీ డ్రైవుని పధ్నాలుగు వెనక్కి జరపాలి. మీవి పోవు. అయినా మీ మూడూ ముందే వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టా. ఊ అనండి.”

“అనకపోతే?”

“అనకపోయినా జరుపుతా. అంటే మర్యాదగా ఉంటదని.”

“మా తమ్ముడు ఫణీంద్రకి ఇందులో సగం నోరుంటే ఎప్పుడో బాగుపడేవాడు.”

“ఆయన పత్తి వేసుకుని గురజాల పోయాడు. నోరు ఇంట్లో పెట్టి పోయాడు.”

“హుఁ.”

“అది ఊ కాదు.”

“ఊ! సరేనా? ఊ అన్నా. జరుపుకో.”

“జరిపా. పాత హద్దు మళ్లీ రాశా. పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేస్తున్నా.”

“ఏం రాలేదే. అంతా నలుపే. పోయిందా? పోగొట్టావా?”

“ఓపిక పట్టండి.”

“అదుగో... అదుగో బొమ్మ! అమ్మా, ఇట్రా. కంపెనీ బొమ్మ. ఇది కొన్నరోజు వచ్చిందే. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు.”

“ఆ ముక్కలోంచే వస్తోంది.”

“కింద ఏదో అడుగుతోంది. ఏందది?”

“రెండు దారులు చూపిస్తోంది. మొదటిది, పాడైనదాన్ని మాత్రం బాగుచేస్తది. ఉన్నవన్నీ ఉన్నచోటే ఉంటాయి, నా ప్రోగ్రాం కూడా. రెండోది, కొన్న మొదటి రోజు ఎట్టా ఉందో అట్టా చేస్తది.”

“మొదటి రోజంటే?”

“డి ఉండదు, ఇ ఉండదు. మొత్తం కలిపి ఒకటే డ్రైవు. ఎవరివీ ఏమీ మిగలవు.”

“ఒకటేనా?”

“ఒకటే.”

“హద్దు ఉండదా?”

“ఉండదు.”

“విన్నావా అమ్మా?”

“విన్నా.”

“ఏడేళ్లయింది. తమ్ముడు పిడుగురాళ్ల నుంచి బస్సులో తెచ్చాడు, అట్టపెట్టె మీద దుప్పటి కప్పి, పసిబిడ్డని తెచ్చినట్టు. ఆ పూట అందరం ఈ నడవలోనే కూర్చున్నాం. దాన్ని చూస్తా అన్నాలు తిన్నాం. వాడు మాట్లాడతా మాట్లాడతా నా కంచంలో ముక్క తీసుకుని తిన్నాడు. వాడికి తెలవనే తెలవదు తీసుకున్నట్టు. నాకు తెలుసు. నేనేం అనలేదు... అమ్మాయ్, రెండోది నొక్కు.”

“బావగారూ?”

“నొక్కమ్మా. నా మూడు జీబీలు పోతే పోనీ. రెండొందలూ పోనీ. పధ్నాలుగుకే ఇంత గొడవ చేశావుగా, మొత్తం ఇస్తున్నా. సాయంత్రం వాడొస్తాడు. ఒరేయ్, ఇది మళ్లీ ఒకటేరా అని చూపిద్దాం. ఇంకెట్టా చెప్పాలో నాకు తెలవట్లేదు వాడికి. ఎదురుపడితే ఎరువుల రేటు మాట్లాడుకుంటున్నాం.”

“నొక్కరాదూ రోహిణీ. రెండు పొయ్యిల పొగ చూడలేకపోతున్నా.”

“నా డిజైన్లు, అత్తయ్యా?”

“ఇల్లు కలిసేదాని ముందు డిజైన్లు ఎంతమ్మా?”

“నాలుగొందల ముప్పై.”

“లెక్క కాదే నేనడిగేది.”

“బావగారూ, ఆ పూట నాకూ గుర్తుంది. అన్నాలు వడ్డించింది నేనే. పెళ్లై రెండు నెలలు. అందరూ తలా ఒకసారి మౌసు పట్టుకుంటున్నారు కదా అని నేనూ చెయ్యి పెట్టబోయా. పులుసు చేతులమ్మా, అవతల నిలబడు అన్నారు. గడప అవతల నిలబడే చూశా.”

“ఎప్పుడో అన్న మాట పట్టుకుంటావేంది? ఇప్పుడు ఎవరు అంటున్నారు నిన్ను?”

“ఇప్పుడు ఎవరూ అనరు. వేరుపడ్డాక ఇ డ్రైవుకి ‘రోహిణి’ అని పేరు పెట్టాడు మీ తమ్ముడు. పొలం కాగితాల్లో ఆయన పేరు, ఇంటి కాగితాల్లో ఆయన పేరు, దానికి మాత్రం నాది. కలిసి ఉండాలంటే ఉండండి. అన్నాలు వండమంటే ఇద్దరికీ ఇవాళే వండుతా. వాటాల మధ్య గోడలో తలుపు తీయమంటే తీస్తా.”

“అదేగా నేననేది! మరి ఆ చెయ్యి పైకి పోతోందేంది? పైది మొదటిది. రెండోది అన్నాగా. ఆగు. అమ్మాయ్, ఆగమంటున్నా—”

“నొక్కేశా. మొదటి రోజున ఈ ఇంట్లో నా పేరున అంగుళం లేదు బావగారూ.”