ఓడిల్ బెర్జెరాన్ గారి నీళ్ల డబ్బా

1989 మే ఎనిమిదో తేదీన మా వెర్మాంట్ గ్రానైట్ క్వారీలో కొలతల సహాయకురాలిగా చేరిన శ్రీమతి ఓడిల్ బెర్జెరాన్ గారు, ముప్పై ఆరేళ్ల సేవ తర్వాత ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వ్యాసం నన్ను రాయమన్నవాళ్లకు తెలియని సంగతొకటుంది: నాకు ఆవిడంటే అసూయ. నేనిక్కడ చేరిన మూడేళ్లుగా, రోజూ!

తొలి పదిహేనేళ్లు రాతి పగుళ్లను కాగితం మీద గీశారు. 2004లో దూరాల పటం పద్ధతిని మా ఆఫీసుకు తెచ్చిందీ ఆవిడే. ఫోటోలో ప్రతి చుక్కకూ అతి దగ్గరి పగులు ఎంత దూరమో కంప్యూటర్ లెక్కగడుతుంది. దూరం పెరిగేకొద్దీ చుక్క తెల్లబడుతుంది. అన్నిటికన్నా తెల్లగా ఉన్నచోట కోస్తే పగుల్లేని పెద్ద దిమ్మె వస్తుంది. ఆ చోటు ఎంచినవారి పేరు దిమ్మె మీద ఎర్రరంగుతో రాయడం మా ఆనవాయితీ. ఎటు చూసినా ఓడిల్, ఓడిల్, ఓడిల్! ఒక్క దిమ్మె మీదైనా నా పేరు చూసుకోవాలని నా ఆశ.

కిందటి అక్టోబరులో, అదే పద్ధతిలో నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం ఒక చోటు చూపింది, పాలలా తెల్లగా. డ్రిల్లర్ ఆల్డో యంత్రం ఎక్కబోతుండగా ఓడిల్ గారు నీళ్ల డబ్బాతో వచ్చారు.

“ఏమయ్యా కోల్బీ, నీ తెలుపు సరిగ్గా ఫోటో అంచునే ఉందేం?”

“అక్కడ పగుళ్లు లేవు కదండీ.”

“లేవా, నువ్వు చూడలేదా?”

ఫోటోలో పడని రాతి మీద నీళ్లు చల్లారు. రాయంతా ఆరింది, నీళ్లు పీల్చుకున్న పగులొకటి మాత్రం సన్నని నల్లగీతలా ఆరకుండా మిగిలింది. నేను ఎంచిన చోటికి జానెడు దూరం.

“ఫోటో అక్కడ ఆగింది నాయనా, రాయి ఆగలేదు.”

“ఎర్రరంగు డబ్బాకి మూత పెట్టేయనా బాబూ?” అన్నాడు ఆల్డో. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప.

“నేనూ మొదట్లో ఇదే చేశాను. ఆపేవాళ్లు లేరు. దిమ్మె లారీ ఎక్కుతూ రెండు ముక్కలైంది.”

చూశారా, తప్పు కూడా నాకన్నా ఆవిడదే పెద్దది!

వెడల్పుగా మళ్లీ ఫోటోలు తీసి, అంచు చుక్కల్ని నమ్మకుండా లెక్కకట్టాను. ఈసారి దిమ్మె చెక్కుచెదరకుండా వచ్చింది. ‘కోల్బీ’ అని రాసుకున్నాను. కాసేపు చూసి, కింద ‘ఓడిల్’ అని కూడా రాశాను. కొంచెం చిన్న అక్షరాలతోనే.

ఓడిల్ గారూ, తమరు కుటుంబంతో, ఆయురారోగ్యాలతో నూరేళ్లు చల్లగా ఉండాలి. ఆ నీళ్ల డబ్బా మాత్రం దయచేసి నా బల్ల మీద పెట్టి వెళ్లండి.