ముప్పై ఆరో ఫోటో తర్వాత

స్టూడియో మేడ మీద గది. ఫిల్మ్ ఫోటోగ్రఫీ తరగతి ముగిసి పిల్లలంతా వెళ్లిపోయారు. వెనక వరసలో ఒకావిడ మాత్రం లేవలేదు.

"అందరూ నవ్వారు గానీ, నాకు నవ్వు రాలేదండీ."

"దేనికమ్మా?"

"మీరు చెప్పిన కథకి. మీరు మొదటిసారి తీసిన పెళ్లి ఫోటోల కథ."

"అదా. అది ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోనివాడికి మొదటి దెబ్బ ఎలా తగులుతుందో తెలియాలని. నవ్విస్తూ చెప్తే పిల్లలకి గుర్తుంటుంది."

"ఇంకోసారి చెప్తారా?"

"ఇప్పుడా?"

"నా కోసం."

"ఏముందమ్మా. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఎవరో వాడి వదిలేసిన కెమెరా, దాంతో వచ్చిన చిన్న పుస్తకం, అంతే నా చదువు. రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి. రీలుకి ముప్పై ఆరు ఫోటోలు. ముప్పై ఆరూ తీశాక కూడా రీలు జరిపే లీవర్ తిరుగుతూనే ఉంది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది... కంపెనీవాడు పొరపాటున ఎక్కువ చుట్టాడేమో, నా అదృష్టం అని సంబరపడిపోయాను. ఇంటికెళ్లి వెనక మూత తీస్తే, రీలు దాని డబ్బాలోంచి అంగుళం కూడా కదల్లేదు. దాని మొన అవతలి చక్రానికి పట్టుకోనే లేదు, ఒక్క ఫోటో కూడా పడలేదు."

"ఇక్కడే అందరూ నవ్వింది."

"అవును."

"ఆ పెళ్లికూతురు ఎలా ఉండేది?"

"ముప్పై ఏళ్ల నాటి మాట. ఏం గుర్తుంటుందమ్మా."

"కాస్త లావైంది. జుట్టు నెరిసింది. సరిగ్గా చూడండి, పోల్చుకుంటారేమో."

"మీరు..."

"నేనే."

"అమ్మా, నేను... మంచినీళ్లు తాగుతారా?"

"మీరు తాగండి. ముందు కూర్చోండి."

"కూర్చుంటాను. కూర్చుంటాను."

"మాకు మాత్రం రీలు లాబ్‌లో కడిగేటప్పుడు పాడైపోయిందని చెప్పారు."

"చెప్పాను."

"నేను ఆ లాబ్‌కి వెళ్లాను, తెలుసా? అక్కడి పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తలొంచుకుని నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాడు ఇంకేమంటాడులే అనుకుని వచ్చేశాను."

"ఆయన తప్పేం లేదమ్మా."

"అది నాకు ఇవాళ తెలిసింది."

"మీకు ఆ మాట చెప్పడానికి ముందు రోజే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఈ సంగతి బయటికొస్తే ఇంక నన్ను ఎవరూ పిలవరు, నా బతుకు ఇక్కడితో ఆగిపోతుంది అన్నాను. 'పోనీలేరా, నా మీద చెప్పుకో' అన్నాడు. ఆ తర్వాత ఆయన మొహం చూడలేకపోయాను. ఆ వీధిలోంచి నడవడం కూడా మానేశాను. అందుకే రీలు కడగడం, ప్రింట్ వెయ్యడం, అన్నీ ఇంట్లోనే, ఒక్కణ్ణే..."

"స్వయంగా నేర్చుకున్నానని పిల్లలకి చెప్పారే, అదేనా?"

"అదే."

"మీ కథలో ఆ పెద్దాయన లేడు."

"ఆయన్ని పెడితే ఎవరూ నవ్వరమ్మా."

"ఊఁ."

"కానీ ఒక్కటి నిజం. ఆ రోజు తర్వాత నా చేతిలో ఒక్క రీలూ పోలేదు. లీవర్ తిప్పిన ప్రతిసారీ ఎడమ పక్క గుండీ కూడా తిరుగుతోందా లేదా చూస్తాను, అది తిరిగితేనే లోపల రీలు కదిలినట్టు. గుర్తింపు కార్డుల ఫోటోలు, స్కూలు గ్రూపులు, ఫ్యాక్టరీల్లో యంత్రాలు, ఏది దొరికితే అది తీసుకుంటూ బతికాను. ఊరంతా ఫిల్మ్ వదిలేసినా నేను వదల్లేదు. మనిషినయ్యాను."

"నా పెళ్లితో."

"మీ పెళ్లితో. క్షమించమనడానికి నోరు రావట్లేదు. ఇన్నేళ్లూ మీరు నాకు ఒక కథ, అంతే. మీకో ఇల్లుంటుందని, గోడ మీద ఖాళీ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు."

"నేను తిట్టడానికి రాలేదు లెండి. నా తిట్లన్నీ ఆ పెద్దాయనకే అయిపోయాయి. పేపర్లో మీ క్లాసు ప్రకటన చూశాను. పేరు గుర్తుపట్టి వచ్చాను. పాడైన ముక్క ఒక్కటైనా దాచి ఉంటారేమో అడుగుదామని. ఇక్కడ కూర్చున్నాక తెలిసింది, దాచడానికి అసలేమీ లేదని."

"ఇన్నేళ్లకి ఆ ఫోటోలు... మీవారు..."

"ఆయన సంగతి ఏం చెప్పను."

"అయ్యో. ఎలా జరిగిందమ్మా?"

"జబ్బు. రెండేళ్లుగా, రోజుకి కాస్త చొప్పున."

"మరి తర్వాత తీసుకున్న ఫోటోలు ఉంటాయి కదా?"

"బోలెడు. వాటితో పని జరగదు. ఆ వయసుది కావాలి. ఇద్దరం పక్కపక్కన ఉన్నది. పెళ్లికి ముందు కలిసి ఫోటో దిగే ధైర్యం మాకెక్కడిది? పెళ్లికే మా వైపు నుంచి ఎవరూ రాలేదు, వాళ్ల వైపు నుంచీ రాలేదు. సాక్షి సంతకాలు పెట్టిన స్నేహితులిద్దరూ పోయారు. ఆ గదిలో ఉన్నవాళ్లలో ఇప్పుడు నాకు మిగిలింది మీరే."

"నేనా?"

"రీలు తిరగలేదు, సరే. మీ కన్ను చూసింది కదా. ఏం చూసిందో చెప్పండి."

"ఏం చెప్పమంటారు... కిటికీ ఎడమ పక్కన ఉండేది. వెలుతురు తక్కువ. షట్టర్ స్పీడు అరవైలో పెట్టాను, అదీ భయపడుతూ..."

"కిటికీ కాదు. మమ్మల్ని."

"మిమ్మల్ని చూడలేదమ్మా. ఎక్కడ చెడిపోతుందోనని వెలుతురు కొలిచే ఆ మీటరు ముల్లునే చూస్తూ ఉన్నాను. ఇదీ నిజమే."

"ఒక్కటి. ఒక్కటైనా."

"ఒక్కటంటే..."

"తొందరేం లేదు. ఆలోచించండి."

"పెన్ను."

"ఆఁ."

"పెన్ను కారింది. మీవారి వేళ్ల నిండా సిరా. రిజిస్ట్రారు విసుక్కున్నాడు. మీరేమో మీవారి చెయ్యి లాక్కుని రుమాలుతో ఒక్కో వేలూ తుడిచారు, గదిలో ఇంకెవరూ లేనట్టు. 'చిటికెన వేలు వదిలెయ్, ఇవాళంతా చూసుకుంటాను' అన్నారాయన. అప్పుడు నొక్కాను. ఇది మాత్రం బాగా వచ్చుంటుంది అనుకున్నాను."

"చిటికెన వేలు."

"అవునమ్మా, చిటికెన వేలే. అమ్మా, ఏడవకండి."

"ఏడవట్లేదు. ఇది ఎవరికీ తెలీదు. మా అమ్మాయికి కూడా చెప్పలేదు. అయితే మీరు నిజంగానే చూశారు."

"చూశాను."

"ఈ మాటే ఇంకొకరికి చెప్పాలి. నేను చెప్తే నమ్మడం లేదు. ఒక్కసారి నాతో కిందకి వస్తారా? కారులో మా అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని ఉంది."

"ఎవర్నమ్మా?"

"ఆయన్నే. ఆయన పోలేదండీ, ఆయన లెక్కలో ఆయనకి ఇరవై ఆరేళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. పొద్దున నాకు దండం పెట్టి బతిమాలారు, 'పెద్దవారు, మీరెవరో నాకు తెలీదు, దయచేసి నా గదిలోంచి వెళ్లిపోండి, నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి వచ్చే వేళయింది' అని."