ఆయిల్ సీసా

తోటపల్లి గూడూరు సబ్‌స్టేషన్‌లో ఆయిల్ పరీక్షలు చేసే ఇంజనీరమ్మ ఆపరేటరును నిలదీసింది.

“మూడేళ్లుగా మీరు తీసి పంపిన ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ కొత్తదాని మాదిరే ఉండింది. మొన్న నేనే తీస్తే నల్లగా వచ్చింది. లోపల నిప్పురవ్వలు లేస్తున్నాయి. ఇట్లాగే వదిలేస్తే పేలిపోతుందన్నా.”

“కొత్త డ్రమ్ములోది పట్టి పంపినాను మేడం. చెడిందని తెలిస్తే కరెంటు ఆపేస్తారు. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే గుంటల్లో రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. వాటిల్లో నా గుంట కూడా ఉంది.”

“నా రిపోర్టు ఆఫీసులో నమ్మలేదు. సీసాలో ఏదో కలిసుంటుందన్నారు.”

“మరి?”

“మళ్లీ పంపమన్నారు. మిమ్మల్నే తీయమన్నారు. మీరు తీసినదాంట్లో ఎప్పుడూ తేడా రాలేదంట.”

“ఎప్పటికి మేడం?”

“సాయంత్రానికి.”

“రొయ్యల పట్టుబడికి ఇంకా పది రోజులుంది.”